బోనులో పిన్ని

పిన్ని ఎవరికీ సొంత పిన్ని కాదు. మా లాండ్రీలో అందరూ అలాగే పిలిచేవాళ్లు. మా సూపర్వైజరు వయసులో ఆవిడకంటే పెద్దవాడు, అయినా ఆయనకీ పిన్నే. ఆసుపత్రుల నుంచి లారీల్లో వచ్చే దుప్పట్లు, కర్టెన్లు, ఆపరేషన్ గుడ్డలు ఉతికి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి తిప్పి పంపడం మా పని. ఇస్త్రీ అంటే చేత్తో చేసేది కాదు. గది పొడవునా ఒక పెద్ద వేడి రోలరు తిరుగుతూ ఉంటుంది. ఇద్దరు చెరో కొసా పట్టుకుని దుప్పటి అంచు దానికి అందించాలి. ఒక కొస పిన్నిది, రెండోది నాది. అందుకే పిన్ని సంగతులు మిగతా వాళ్లకంటే నాకే ఎక్కువ తెలుసు. రోలరు ముందు రోజంతా నిలబడేవాళ్లకి మాట్లాడుకోవడం తప్ప వేరే గతి లేదు.

వారంలో అయిదు రోజులూ దుప్పట్లు. శనివారం మధ్యాహ్నం మాత్రం పిన్ని నల్లచొక్కా, నల్లప్యాంటు వేసుకుని, పల్చటి రబ్బరు గ్లౌజులు తొడుక్కుని బోనులోకి వెళ్లేది. బోనంటే నిజంగా బోనే. పాత స్కేటింగ్ హాలు మధ్యలో ఇనుపవల చుట్టి, లోపల మెత్తటి నేల పరిచి కట్టారు. అందులో ఇద్దరు కొట్టుకుంటారు. గుద్దొచ్చు, తన్నొచ్చు, కింద పడేయొచ్చు, చెయ్యి మెలితిప్పొచ్చు, మెడ బిగించి ఊపిరి ఆడకుండా చెయ్యొచ్చు. ఓడిపోయాననుకున్నవాడు అరచేత్తో నేలమీద తట్టాలి. తట్టే ఓపిక కూడా లేకపోతే మధ్యలో నిలబడ్డ రిఫరీ ఆపాలి. ఆ రిఫరీ మా పిన్ని. దాని అసలు పేరు మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్. మా లాండ్రీలో ఆ పేరు ఎవరికీ నోరు తిరగలేదు, బోను కుస్తీ అనేవాళ్లం.

యాభైకి దగ్గరపడ్డ మనిషికి ఈ పని ఎలా తగులుకుందీ అంటే, దానికో చిన్న కథ ఉంది. పిన్ని చిన్నప్పుడు స్కూల్లో జూడో నేర్చుకుంది. బాగా ఆడేదట. మోకాలు దెబ్బతినడంతో ఆట పోయింది గానీ పిచ్చి పోలేదు. పెళ్లయ్యాక కూడా సాయంత్రాలు పిల్లలకి నేర్పేది. ఆ పిల్లలు పెద్దవాళ్లయి ఒక్కొక్కరే బోను కుస్తీకి వెళ్లిపోయారు. అక్కడి రిఫరీలు బాక్సింగు నుంచి వచ్చినవాళ్లు. మనుషులు నేలమీద పడి పెనవేసుకుంటే ఎవడి చెయ్యి ఎక్కడుందో వాళ్లకి అంతుపట్టేది కాదు. హాలు మేనేజరు పిన్ని ఇంటికొచ్చి, "అక్కా, కిందపడ్డాక ఎవడి భుజం ఊడిపోబోతోందో చెప్పేవాళ్లు మాకు లేరు. నాలుగు శనివారాలు వచ్చి నిలబడు చాలు" అని బతిమాలాడు. ఆ నాలుగు శనివారాలు ఏళ్లయిపోయాయి.

"ఎందుకు పిన్నీ నీకీ పీడ?" అని నేను అడుగుతూనే ఉండేదాన్ని.

"నేను మానేస్తే మళ్లీ ఆ బాక్సింగువాళ్లే వస్తారు" అనేది. అనేటప్పుడు ఆవిడ మొహంలో గర్వమేమీ ఉండేది కాదు. ఇంట్లో గ్యాసు కట్టేసి రావాలి అన్నట్టు చెప్పేది.

హాల్లో జనం కూడా పిన్నీ అనే అరిచేవాళ్లు. కాకపోతే ముందు ఇంకో మాట తగిలించేవాళ్లు. బ్రేకు పిన్ని. మంచి రసపట్టులో ఉండగా ఆపేస్తుందని వాళ్ల కోపం.

బాబాయి, అంటే పిన్ని భర్త, కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఆయన జీవితంలో ఒక్కసారి కూడా ఆ హాలు గుమ్మం తొక్కలేదు. శనివారం పిన్ని ఇంటికి రాగానే మోకాళ్లకి వేణ్నీళ్ల సంచి అందించి, "అందరూ నడిచే బయటికొచ్చారా?" అని అడిగేవాడు. వచ్చారంటే అక్కడితో సరి. ఇంకో ప్రశ్న ఉండేది కాదు.

ప్రశ్నలన్నీ పైఅంతస్తులో ఉండేవి. అక్కడ బాబాయి అక్కగారు ఉండేది, రిటైరైన లెక్కల టీచరు. ఊళ్లో సగంమంది ఆవిడ చేతిలో తొడపాశాలు తిన్నవాళ్లే కాబట్టి అందరం టీచరుగారనే అనేవాళ్లం. ఆవిడకి బోను కుస్తీ పేరు చెబితే ఒళ్లుమండేది. తమ్ముడి భార్య అందులో నిలబడుతుందంటే మరీ మండేది.

"ఫుట్‌బాల్లో కాలు విరిగితే అది ప్రమాదం" అనేదట ఆవిడ, భోజనాల దగ్గర. "అక్కడ బంతి గోల్లో పడటం ముఖ్యం. మీ దాంట్లో అవతలివాడి తల అదరడమే గోలు. అదీ తేడా. దీనికి నువ్వు సమాధానం చెప్పు, రేపట్నుంచి నోరు మూసుకుంటా."

"నా దగ్గర సమాధానం లేదు వదినా" అనేది పిన్ని. "కొంచెం నీళ్లందుకోండి."

"లేదని తెలిసీ వెళ్తావు."

"తెలిసే వెళ్తా."

బాబాయి తలొంచుకుని తినేవాడు. అక్కకీ భార్యకీ మధ్య ఎటు తలూపినా తలనొప్పేనని ఆయనకి తెలుసు.

ఆ ఏడాది వానలు మొదలవకముందు ఒక శనివారం పిన్ని నన్నూ రమ్మంది. నేను బోను కుస్తీ చూడ్డం అదే మొదలు. హాలు కిక్కిరిసిపోయింది. ఆఖరి పోటీ ఒక టైల్స్ మేస్త్రికీ, పార్శిళ్లు పంచే కుర్రాడికీ. మేస్త్రిని చూడగానే గుర్తుపట్టా. మా లాండ్రీ ఆఫీసు గదిలో నేల వేసింది అతనే. వెడల్పాటి మనిషి, ముప్పై దాటి నాలుగైదేళ్లై ఉంటుంది. చాలా ఏళ్లుగా ఆడుతున్నాడు, జనానికి ముద్దు. అతను లోపలికి వస్తుంటే "మేస్త్రీ, మేస్త్రీ" అని బెంచీలు చరిచారు.

మొదటి రౌండు మేస్త్రిదే. కుర్రాణ్ణి రెండుసార్లు ఎత్తి పడేశాడు. నాకు తెలియకుండానే నేనూ అరిచాను, ఒప్పుకోవాలి. రెండో రౌండులో కుర్రాడి గుద్దొకటి మేస్త్రి చెవి వెనక తగిలింది. చూడ్డానికి పెద్ద దెబ్బలా లేదు. మేస్త్రి కూర్చున్నట్టుగా కిందికి జారాడు. కుర్రాడు మీదెక్కి గుద్దడం మొదలెట్టాడు. మేస్త్రి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. పిన్ని పక్కన వంగి "కాచుకో! కదులు! కదలాలి నువ్వు!" అని అరుస్తోంది. ఇంకో రెండు గుద్దులు పడ్డాయి. అంతే, పిన్ని వాళ్లిద్దరి మధ్యకి అడ్డంగా దూకేసింది.

మేస్త్రి వెంటనే లేచాడు. లేచి నిలబడి, "నేను తట్టలేదు! చేతులు అడ్డమే ఉన్నాయి కదా! ఎందుకాపావు?" అని పిన్ని మొహంలో మొహం పెట్టి అరిచాడు. హాలంతా ఒంటికాలి మీద లేచింది. కాగితం కప్పులు, ఏవో పానీయాలు వల మీద వచ్చి పడ్డాయి. పిన్ని చొక్కా తడిసిపోయింది. ఆవిడ మాత్రం ఇద్దరి మణికట్లూ పట్టుకుని మధ్యలో నిలబడి కుర్రాడి చెయ్యి పైకెత్తింది. బస్సు కోసం నిలబడ్డ మనిషి మొహం ఎలా ఉంటుందో అలా ఉంది ఆవిడ మొహం.

బయటికొచ్చాక అడిగా. "నిజంగా చేతులు అడ్డమే ఉన్నాయి పిన్నీ. ఏం చూసి ఆపావు?"

"మోచేతులు దగ్గరగానే ఉన్నాయి" అంది, చొక్కా పిండుకుంటూ. "కానీ వాటికీ అతనికీ సంబంధం లేదు. ఊరికే అలా ఉండిపోయాయి. నాకలా అనిపించింది. కాకపోయినా కావచ్చు."

సోమవారానికల్లా ఆ వీడియో అందరి ఫోన్లలో ఉంది. మేస్త్రి లేచి అరవడం స్పష్టంగా కనపడుతోంది, పిన్ని చెప్పిన మోచేతుల సంగతి మాత్రం ఎవరికీ కనపడలేదు. సూపర్వైజరు దుప్పట్ల ట్రాలీ తోస్తూ, "పిన్నీ, రోలరు కూడా ఆపేస్తావా ఏంటి?" అని జోకేశాడు. హాలు మేనేజరు ఫోన్ చేసి, "అక్కా, ఇంకొక్క నిమిషం ఆగాల్సింది" అన్నాడు. ఆ పోటీ చూడనివాళ్లు కూడా పిన్నికి కళ్లు కనపడవని తేల్చేశారు.

అదే సమయంలో హాలు లైసెన్సు గడువు దగ్గరపడింది. ఊరి పెద్దలు కొందరు బోను కుస్తీ ఆపేయాలని మున్సిపాలిటీకి అర్జీ పెట్టారు. ముందు నడిచింది ఎవరో చెప్పక్కర్లేదు. విచారణ పెడతామన్నారు.

టీచరుగారు మెట్లు దిగొచ్చి కిందింట్లో కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇన్నాళ్లూ నీతో గొడవపడ్డాను. ఇప్పుడు సాయం అడుగుతున్నాను. నువ్వు వచ్చి జరిగింది చెప్పు చాలు. ప్రమాదం కాబట్టే కదా ఆపావు? ఆ ముక్క నీ నోటితో చెప్పు."

మర్నాడు మేనేజరు వచ్చాడు. అదే కుర్చీలో కూర్చున్నాడు. "మొన్న కోప్పడ్డాను, ఏమనుకోకక్కా. నువ్వు వచ్చి చెప్పాలి. మా దగ్గర రూల్సున్నాయి, దెబ్బ ముదరకముందే ఆపే మనుషులున్నారు, కాబట్టి ఇది ఆటే అని. నిన్ను చూపిస్తే చాలు, లైసెన్సు వచ్చేస్తుంది."

"చూశావా" అంది పిన్ని నాతో, దుప్పటి కొస సర్దుతూ. "నేను ఆపింది ఒక్కసారే. ఒకళ్లకి అది ఆట కాదని సాక్ష్యం, ఇంకొకళ్లకి ఆటేనని సాక్ష్యం. మేస్త్రికేమో అన్యాయం. నాకొక్కదానికే అదేంటో తెలీట్లేదు."

విచారణ మున్సిపల్ ఆఫీసు మేడమీద, మధ్యాహ్నం పూట. ఫ్యాన్లు ఒకటే మోత. మైకు మాటిమాటికీ కీచుమంటోంది. నేను సెలవు పెట్టి పిన్నితో వెళ్లా. ముందు ఒక డాక్టరు మాట్లాడాడు. తలమీద పడే ప్రతి దెబ్బా లోపల జమవుతుందనీ, అది వెంటనే తెలియదనీ, మనిషి బాగానే ఉన్నట్టుంటాడనీ నెమ్మదిగా, ఎవర్నీ తిట్టకుండా చెప్పాడు. మేనేజరు లేచి ఈ హాలు వల్ల ఎంతమంది తాగుడు మానారో, ఎంతమంది వీధి కొట్లాటలు మానారో చెప్పాడు. అదీ అబద్ధం కాదు. ఆ కుర్రాళ్లలో ఇద్దరు ముగ్గురు నాకే తెలుసు. టీచరుగారు తన బంతి, గోలు మాట చెప్పింది. పిన్నికి లేని సమాధానం అక్కడ ఇంకెవరికీ కూడా లేదు.

తర్వాత మేస్త్రి లేచాడు. ఉతికిన చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. "నేను రోజంతా మోకాళ్లమీద పాక్కుంటూ పనిచేస్తానండీ. నేను వేసిన నేలమీద నడిచేవాళ్లు నన్ను చూడరు. శనివారం మాత్రం హాలంతా నన్ను పిలుస్తుంది. ఇష్టపడే వెళ్తున్నా, ఎవరూ తోయట్లేదు. మొన్న రిఫరీగారు నాకు అన్యాయం చేశారు. అయినా ఇది తీసెయ్యమని మాత్రం నేను అనను."

"నువ్వు ఇష్టపడితే చాలదు బాబూ" అంది టీచరుగారు, కోపంగా కాదు. "నీ నొప్పి చూడ్డానికి అలవాటుపడేవాళ్ల సంగతేంటి?"

మేస్త్రి చొక్కా సర్దుకుని కూర్చున్నాడు.

అప్పుడు పిన్నిని పిలిచారు. ఛైర్మన్ వాచీ చూసుకుంటూ, "అమ్మా, రెండు ముక్కల్లో చెప్పండి. ఇది ఆటా, కొట్లాటా?" అన్నాడు.

పిన్ని మైకుకి దూరంగా నిలబడింది. ముందుకి రమ్మని ఇద్దరు ముగ్గురు సైగ చేశారు. "చాలాసేపు ఆటేనండి" అంది. "ఇద్దరికీ విద్య ఉంటుంది, ఎత్తులుంటాయి, చూడముచ్చటగానే ఉంటుంది. ఒకడు తనని తాను కాచుకోలేని క్షణం ఒకటి వస్తుంది. అక్కడ్నుంచి ఆట కాదు. ఆ క్షణాన్ని పట్టుకోవడం నా పని. ఒక్కోసారి సమయానికి పట్టుకుంటా. ఒక్కోసారి నేను చూసి, దూకేలోపు ఒకటో రెండో పడిపోతాయి. ఆ ఒకటి రెండూ ఏంటంటే... నాకు తెలీదండి."

"అంటే ఏమని రాసుకోమంటారు?"

"మీ ఇష్టం బాబూ."

ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజరు మొహం మాడ్చుకున్నాడు. టీచరుగారు పెదవి విరిచింది. డాక్టరు మాత్రం ఏదో అడగబోయాడు, ఛైర్మన్ టైమైపోయిందన్నాడు. పిన్ని వచ్చి నా పక్కన కూర్చుని, "కాళ్లు పీకుతున్నాయే" అంది.

అక్కడితో ఆ రోజు ముగిసిపోయినా బాగుండేది. కింద మెట్ల దగ్గర బెంచీ మీద కూర్చుని ఆవిడ మోకాలు నొక్కుకుంటుంటే మేస్త్రి వచ్చాడు. తిడతాడేమోనని నేను లేచి నిలబడ్డా. అతను వచ్చి పిన్ని పక్కన కూర్చున్నాడు.

"పిన్నీ, ఆ రోజు మీ మీద అరిచానంట కదా. వీడియోలో చూశా."

"అరిచావు. పర్లేదు."

"నాకు గుర్తులేదు" అన్నాడు. "అరవడం గుర్తులేదు. బట్టలు మార్చుకోవడం గుర్తులేదు. బండి నేనే నడుపుకుంటూ ఇంటికెళ్లానంట. మా ఆవిడ అడిగితే అన్నీ గుర్తున్నట్టే చెప్పాను. పైన విచారణలో కూడా వీడియోలో చూసిందే చెప్పాను."

పిన్ని కళ్లు మూసుకుంది. "ఇది నాకెందుకు చెప్తున్నావు?"

"ఎవరికో ఒకరికి చెప్పాలి కదా. మీరే కదా ఆపింది." ఆ మాటన్నాక అతనికి భయమేసినట్టుంది. "ఎవరికీ చెప్పకండి. పోటీకి ముందు చూసే హాలు డాక్టరుకి తెలిస్తే నన్ను ఆడనివ్వరు."

"నువ్వే వెళ్లి చెప్పు నాయనా. నువ్వు చెప్పకపోతే నేను చెప్పాల్సొస్తుంది."

"నమ్మి చెప్పాను పిన్నీ."

"తెలుసు" అంది పిన్ని.

ఆ వారమంతా పిన్ని ఎదురుచూసింది. రోజూ మేనేజరుకి ఫోన్ చేసి "మేస్త్రి ఏమైనా చెప్పాడా?" అని అడిగేది. చెప్పలేదు. పైగా కొత్త పోటీకి పేరిచ్చాడు. శుక్రవారం భోజనాల విరామంలో పిన్ని లాండ్రీ వెనక, ఆవిరి గొట్టాల పక్కన నిలబడి హాలు డాక్టరుకి ఫోన్ చేసి మొత్తం చెప్పేసింది. తిరిగొచ్చి దుప్పటి కొస పట్టుకుంది. అడగడానికి నాకు నోరు రాలేదు, చెప్పడానికి ఆవిడకి ఓపిక లేదు.

పరీక్షలు చేయించుకునేదాకా మేస్త్రి ఆడకూడదన్నారు. అతను పనిదుస్తుల్లోనే, చేతులకి సిమెంటుతోనే లాండ్రీ గేటు దగ్గరికొచ్చాడు. "మొదట గెలుపు తీసేశారు, ఇప్పుడు ఆటే తీసేశారు! నేనేం ద్రోహం చేశాను మీకు?" అని అరిచాడు. అరుస్తూ ఏడ్చాడు. సూపర్వైజరు గేటు వేసేశాడు. లోపల రోలరు తిరుగుతోంది. పిన్ని తలెత్తకుండా దుప్పట్లు అందిస్తూనే ఉంది. ఒక దుప్పటి తిరగేసి అందించింది, నేనే సరిచేశా.

మున్సిపాలిటీ వాళ్లు గోడమీది పిల్లిలా ఇటూ దూకలేక, అటూ దూకలేక మధ్యేమార్గం పట్టారు. హాలుకి అనుమతి ఇచ్చారు. బోను పక్కన డాక్టరు, గుమ్మం దగ్గర అంబులెన్సు ఉండాలన్నారు. పైగా, అర్జీ పెట్టినవాళ్ల తరఫున ఒక మనిషి ప్రతి శనివారం కూర్చుని చూడాలన్నారు. అర్జీదారుల్లో ఎవరికీ అంత తీరిక లేదు. తీరిక ఉన్నది ఒక్క టీచరుగారికే.

అలా వదినా మరదళ్లిద్దరూ శనివారం శనివారం ఒకే బస్సులో బోను కుస్తీకి వెళ్లే రోజులొచ్చాయి. ఒకావిడ నల్లచొక్కాలో, ఇంకొకావిడ గంజిపెట్టిన చీరలో, ఒడిలో దిండుతో. హాల్లో బెంచీలు గట్టిగా ఉంటాయని టీచరుగారు దిండు తెచ్చుకునేది. కుర్రాళ్లు మొదట్లో నవ్వారు. వాళ్లలో తన పాత విద్యార్థులు కనపడితే ఆవిడ పేరుపేరునా పిలిచి నిలబెట్టేది. అప్పట్నుంచి నవ్వడం మానేశారు.

ఒక శనివారం ఒకమ్మాయి కింద ఉంది, ఇంకో అమ్మాయి మీద కూర్చుని గుద్దుతోంది. టీచరుగారు దిండు కింద పడేసి లేచి, "ఆపమ్మా! ఆపు! చచ్చిపోతుంది!" అని కేకేసింది. పిన్ని వినిపించుకోలేదు. వంగి చూస్తూనే ఉంది. కిందున్న అమ్మాయి ఒక్క మెలిక తిరిగి, నడుము విదిలించి బయటపడి, మూడో రౌండులో గెలిచింది.

తిరుగు బస్సులో టీచరుగారు దిండుకంటిన దుమ్ము దులుపుకుంటూ కూర్చుంది. తర్వాత, "ఆ పిల్ల అదృష్టం" అంది.

"కాదు వదినా. ఆ పిల్ల నా వైపు చూస్తోంది. తనకేం జరుగుతోందో తనకి తెలుసు."

"నీ అంచనా తప్పితే?"

"తప్పుతుంది" అంది పిన్ని. కిటికీకి తల ఆనించుకుంది. "ఏదో ఒకరోజు తప్పుతుంది."

"తెలిసీ ఎలా నిలబడుతున్నావే అక్కడ?"

"మీరు క్లాసులో నిలబడలేదా అన్నేళ్లు? అందరూ పాసయ్యారా?"

"లెక్కల్లో ఫెయిలైతే ఎవడికీ తల పగలదు" అంది టీచరుగారు. ఇద్దరూ దిగాల్సిన స్టాపు దాటిపోయి వెనక్కి నడిచి వచ్చారట.

మేస్త్రి సంగతి అడపాదడపా తెలిసేది. పరీక్షలకి వెళ్లలేదు. నది అవతలి ఊళ్లో బోను కుస్తీ పూర్తిగా నిషేధం. నిషేధం కాబట్టి అక్కడ ఒక గోడౌన్లో ఆడతారు. వలా లేదు, డాక్టరూ లేడు. ఆపేవాళ్లుంటే వాళ్లు జనంలోంచే వస్తారు. మేస్త్రి అక్కడికి వెళ్తున్నాడని మేనేజరు చెప్పాడు. గెలిచాడని కూడా చెప్పాడు. "సంతోషించాలో వద్దో తెలీట్లేదు" అంది పిన్ని. నాకూ తెలియలేదు.

తర్వాత చలికాలంలో ఒక శనివారం వదినా మరదళ్లు బస్‌స్టాపులో నిలబడి ఉంటే మేస్త్రి ఎదురుపడ్డాడు. మనిషి కాస్త చిక్కాడు. పలకరించడనుకున్నారు గానీ అతనే దగ్గరికొచ్చాడు. గోడౌన్‌కి వెళ్లడం మానేశానన్నాడు.

"తలకేమైనా అయిందా?" అంది పిన్ని.

"తల కాదు పిన్నీ, మోకాళ్లు. పనికే చాలట్లేదు, ఇంక ఆటకేం మిగుల్తాయి?" అని నవ్వాడు. ఆ తర్వాత గోడౌన్లో గెలిచిన పోటీ గురించి చెప్పాడు. అవతలివాడు ఎంత పొడుగో, తను కాలు ఎలా పట్టుకున్నాడో, కరెంటు పోతే సెల్‌ఫోన్ల వెలుతుర్లో ఎలా ఆడారో ఉత్సాహంగా చెప్పాడు. "ఇప్పటికీ మీరు చేసింది తప్పే" అన్నాడు చివర్లో. "అయ్యుండొచ్చు" అంది పిన్ని.

బస్సు రాలేదు. కాసేపు ముగ్గురూ రోడ్డు వైపు చూశారు. అప్పుడు మేస్త్రి, "పిన్నీ, మీకు చెప్పలేదు కదూ, గోడౌన్లో ఒకణ్ణి కొట్టాను" అని మొదలెట్టాడు. అదే పొడుగువాడు. అదే కాలు. కరెంటు పోవడం, సెల్‌ఫోన్లు. మాటలు కూడా అవే.

టీచరుగారు నోరు తెరవబోయింది. పిన్ని ఆవిడ మోచెయ్యి పట్టుకుంది. ఇద్దరూ మొదటిసారి వింటున్నట్టే మొత్తం విన్నారు. అతను నవ్విన చోట నవ్వారు కూడా.

బస్సెక్కాక టీచరుగారు "చూశావా, నేను చెప్పానా" అంటుందని పిన్ని కాచుకుని కూర్చుందట. ఆవిడ ఆ మాట అనలేదు. "వాణ్ణి ఆసుపత్రికి ఎవరు తీసుకెళ్తారు?" అంది.

"నేను అడిగితే కొడతాడు."

"నేనడుగుతా. వాడు నా స్టూడెంటు కాదు గానీ, అయ్యుంటే బాగుండేది."

సోమవారం పిన్ని లాండ్రీకి సెలవు పెట్టింది. ముందు తనూ టీచరుగారూ వెళ్లి మేస్త్రి భార్యని కలిశారు. ఆమెకి ఈ సంగతి ఎప్పుడో తెలుసట, ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదట. ముగ్గురాడవాళ్లూ కలిసి మేస్త్రిని ఆసుపత్రికి తీసుకెళ్లారు. దారి పొడవునా సణుగుతూనే వచ్చాడు. ఆ క్యూలూ, ఆ కుర్చీలూ, ఆ వరండా కలిసి పిన్ని ప్రాణం తీసేశాయి. స్కానింగులో పెద్దగా ఏమీ కనపడలేదన్నారు. కనపడలేదంటే లేదని అర్థం కాదని కూడా అన్నారు. ఇంక దెబ్బలు తినొద్దు, మళ్లీ వచ్చి చూపించుకోండి అన్నారు. దానికే సాయంత్రమైంది.

పిన్ని ఇప్పటికీ బోనులోకి వెళ్తోంది. తన బదులు నిలబడటానికి ఎవరికైనా నేర్పుతానని మేనేజరుతో అంటోంది. ఇద్దరు వచ్చారు, కొన్ని వారాలు చూసి, ఈ గోల మాకొద్దని పోయారు. టీచరుగారు ఇప్పటికీ దీన్ని ఆపించాలనే అంటుంది, వచ్చే లైసెన్సుకి మళ్లీ అర్జీ పెడతానంటుంది. శనివారం మాత్రం ఇద్దరూ కలిసే బస్సెక్కుతారు. బస్సులో ఒకళ్ల భుజం మీద ఒకళ్లు నిద్రపోతారు.

ఆసుపత్రికి తీసుకెళ్లిన దగ్గర్నుంచీ మేస్త్రి పిన్నితో మాట్లాడడు. ఎదురుపడితే తల తిప్పుకుంటాడు. విచిత్రమేంటంటే టీచరుగారితో మాట్లాడతాడు. ఆవిడే పిలిచి పైఇంట్లో స్నానాలగది నేల మార్పించుకుంటోంది. మొన్న ఆదివారం నేను వెళ్లేసరికి పిన్ని కింద మంచం మీద కాళ్లు దిండు మీద పెట్టుకుని పడుకుని ఉంది. పైనుంచి రబ్బరు సుత్తి దెబ్బలు ఆగి ఆగి వినపడుతున్నాయి.

"ఒక వరస వంకరగా వచ్చిందట" అంది పిన్ని, పైకప్పు వైపు చూస్తూ. "మా వదిన చెప్తే పీకేసి మళ్లీ వేస్తున్నాడు. పొద్దుట్నుంచి అదే వరస."

"నువ్వు వెళ్లి చూడకపోయావా పిన్నీ?"

"నన్ను చూస్తే పని ఆపేస్తాడు. వద్దులే" అని అటు తిరిగి పడుకుంది.